ఈ వేసవిలో చదివినవి: జమలు, ఖర్చులు

చిట్టా_ఆవర్జా (కోవూరు)

మార్చి, ఏప్రిల్‌లో ధాన్యం లారీల మధ్య తలెత్తడానికి తీరిక ఉండదు. ఎడగారు కోతలు మొదలయ్యేలోపు మాత్రం నాలాంటి మిల్లు గుమాస్తాకు కాస్త ఊపిరాడుతుంది. ఆ వ్యవధిలో ఈసారి ఆరు పుస్తకాలు పట్టాను. నాలుగు పూర్తయ్యాయి, ఒకటి సగంలో విసిరేశాను, ఒకటి దిండు పక్కన ఉంది.

ముందే చెప్పుకోవాలి, ఇరవై ఆరేళ్ళుగా చిట్టా రాస్తున్నవాడిని. ఏ పుస్తకం తెరిచినా నా కళ్ళు వోచరు కోసం వెతుకుతాయి. ఇది జబ్బని మా ఆవిడ నిర్ధారించింది. కాబట్టి ఈ అభిప్రాయాలను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

మొదటిది రాయ్ మాక్సమ్ రాసిన ‘ది గ్రేట్ హెడ్జ్ ఆఫ్ ఇండియా’, 2001లో వచ్చింది. రచయిత లండన్‌లో పాత గ్రంథాలను బాగుచేసే ఉద్యోగి. పాత పుస్తకాల దుకాణంలో స్లీమన్ అనే దొర జ్ఞాపకాలు కొంటే, అందులో అడుగున ఒక చిన్న వివరణ కనిపించింది: ఉప్పు దొంగ రవాణాను ఆపడానికి ఆంగ్లేయులు భారతదేశంలో అడ్డంగా ముళ్ళకంచె పెంచారని. మనమైతే పేజీ తిప్పేస్తాం. ఈయన పటాలు కొన్నాడు, విమానం ఎక్కాడు, ఎండల్లో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో తిరిగి కనబడినవారినల్లా కంచె గురించి అడిగాడు. ఎవరికీ తెలియదు. రెండోసారి వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి ఇటావా జిల్లాలో దాని శేషం దొరికింది.

ఆ కంచె కథ వింటే నమ్మబుద్ధి కాదు. 1869 నాటికి, ఉప్పు పన్ను కోసం కాపలా కాసే ఆ సుంకపు గీత సింధు నది నుంచి మహానది దాకా 2,300 మైళ్ళు. కాపలాకు దాదాపు 12,000 మంది. అందులో కొంత మేర బతికున్న చెట్లతో కంచె, పది పన్నెండు అడుగుల ఎత్తు: తుమ్మ, రేగు, వాక, నాగజెముడు. దాన్ని శ్రద్ధగా పెంచి పోషించిన అధికారి ఎవరనుకున్నారు? తరువాత కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన ఏ.ఓ. హ్యూమ్. 1879లో గీతను ఎత్తేశారు. ఇంత పెద్ద కంచె నూరేళ్ళు తిరక్కుండానే ఊరి జ్ఞాపకాల్లోంచి కూడా చెరిగిపోయింది. నాకు నచ్చింది చరిత్ర ఒక్కటే కాదు. రచయిత తన తప్పుదారులను కూడా ఖర్చు రాశాడు. ఫలానా ఊరికి వెళ్ళాను, దొరకలేదు, వెనక్కి వచ్చాను అని. చిట్టా అంటే అది.

రెండోది అర్సులా లెగ్విన్ ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’, 1968 నాటిది. మాంత్రికుల కథ అనగానే ముఖం చిట్లించేవారు మొదటి పది పేజీలు చదవండి. మేకలు కాచే పిల్లవాడు, పినతల్లి ఒక మేకను పిలిచిన మాట విని, తానూ అదే మాట అంటాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగుతాయి. అంతవరకు సరదా. తరువాత అవి వదలవు. ఒళ్ళు ఒళ్ళు రాసుకుంటూ, కొమ్ములు తగులుతూ, వాడు పరుగెత్తితే తామూ పరుగెత్తుతూ ఊళ్ళోకి వస్తాయి. పిలవడం తెలిసింది, పంపడం తెలియదు. ఆ పుస్తకం మొత్తం ఈ మేకల గుంపులోనే ఉంది.

అక్కడి మంత్రవిద్యకు జంటపద్దు ఉంది. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో అది కరువు కావచ్చు. గురువులు పిల్లలకు ముందు నేర్పేది ఇదే. గెడ్ అనే ఆ కుర్రవాడు పొగరుతో చచ్చినవారి లోకం తలుపు తెరుస్తాడు. ఒక నీడ బయటపడుతుంది. దాన్ని మూసే ప్రయత్నంలో ముసలి గురువు చనిపోతాడు. ఆ అప్పు తీర్చడమే మిగతా కథ. చివర్లో ఎలా తీరుతుందో చెప్పను. పద్దు సరిపోయింది, పైసా తేడా లేదు.

మూడోది, నాలుగోది కలిపి చెప్పాలి. అనుకోకుండా ఒకదాని వెంట ఒకటి చదివాను. పాట్రిక్ రోత్‌ఫస్ ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’ (2007), టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’. మొదటిదాంట్లో క్వోత్ అనే అనాథ మాంత్రిక విద్యాపీఠంలో చేరతాడు. ప్రతి విడతకూ గురువులు ప్రశ్నలడిగి ఫీజు నిర్ణయిస్తారు. అది కట్టలేక వడ్డీ వ్యాపారం చేసే డేవీ అనే అమ్మాయి దగ్గర అప్పు చేస్తాడు. ఆమె తాకట్టుగా అడిగేది నెత్తురు బొట్లు. ఎన్నో కల్పనా కథలు చదివాను గాని, హీరో జేబులో ఎన్ని నాణేలున్నాయో ప్రతి అధ్యాయంలోనూ చెప్పే రచయితను ఇప్పుడే చూశాను.

ఆ వెంటనే పంతులుగారిది తీస్తే అక్కడా అదే బాధ. తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడుపుతున్నారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలు. ఎవరినడిగినా దొరకలేదు. చివరికి ఆమె పట్టుచీర తాకట్టుకు వెళ్ళింది. మూడు రూపాయలకు! నెత్తురు తాకట్టు పెట్టిన మాంత్రికుడి కంటే ఆ పట్టుచీర నన్ను ఎక్కువ సేపు నిద్రపోనివ్వలేదు.

విసిరేసింది ‘సేపియన్స్’. యువల్ నోవా హరారీ గారు డెబ్బై వేల ఏళ్ళను నాలుగు వందల పేజీల్లో ముగించారు. మొత్తం వేసి చూపిస్తారు, పద్దులు చూపించరు. మనిషి గోధుమను సాగు చేయలేదట, గోధుమే మనిషిని మచ్చిక చేసుకుందట, వ్యవసాయం చరిత్రలోకెల్లా పెద్ద మోసమట. మొలగొలుకులు పండించిన మా నాన్న ఇది వింటే చేతిలోని గంప నా నెత్తిన వేసేవాడు.

దిండు పక్కన ఉన్నది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర. దాని సంగతి పూర్తయ్యాక.

పలక_బలపం (పొదిలి)

చిట్టాగారూ, బాగా రాశారు. కానీ ఒక పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిగా అడుగుతున్నాను. యాభై దాటిన మనిషికి మాంత్రికులు, నీడలు, తలుపులు ఎందుకండీ? బతుకులో చదవవలసిన నిజాలే ఇన్ని ఉండగా! ఆ కంచె పుస్తకం వంటిది చెప్పండి, తప్పకుండా చదువుతాను. ఎర్త్‌సీ మా మనవడికి కొనిపెడతాను.

మెట్టపొలం (కనిగిరి)

ఒక దీవిలో వాన పడితే ఇంకో దీవిలో కరువు అన్నారే, అది కల్పన అని ఎవరన్నారు? మా కనిగిరి వైపు ముప్పై ఏళ్ళుగా మబ్బులు వచ్చి, పలకరించి, పోతున్నాయి. ఆ వాన ఏ దీవిలో కురుస్తోందో ఆ లెగ్విన్ అమ్మగారు పేరు కూడా రాశారా? రాసి ఉంటే అడ్రసు ఇవ్వండి, వెళ్ళి అడుగుతాను.

చిట్టా_ఆవర్జా (కోవూరు)

మెట్టపొలం అన్నా, రాశారు. రోక్ అనే దీవిలో కురిస్తే ఆస్కిల్ అనే దీవిలో ఎండుతుందట. మన జిల్లా పేరు మాత్రం లేదు.

మాస్టారూ, మీరు నలభై ఏళ్ళు పిల్లలకు ‘ఎక్స్’ అనే లేని మనిషిని పరిచయం చేసి, వాడి దగ్గర ఐదు మామిడిపళ్ళు ఉన్నాయనుకోండి అని చెప్పారు. నేను మాంత్రికుణ్ణి అనుకుంటే తప్పా? అనుకున్న తరువాత లెక్క సరిగ్గా చేశాడా లేదా అన్నదే చూస్తున్నాను.

పలక_బలపం (పొదిలి)

దెబ్బ తగిలింది. రాత్రికి ఆలోచించి జవాబిస్తాను.

ఉప్పుమడి (ఇస్కపల్లి)

నేను ఈ వేదికలో చదవడమే గాని రాసింది తక్కువ. ఉప్పు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మ నలభై ఏళ్ళు ఉప్పు మళ్ళలో కూలికి వెళ్ళింది. ఎండలు ముదిరేకొద్దీ మడిలో నీరు చిక్కబడి, పైన పాల మీద మీగడలా సన్నటి పొర కడుతుంది. ఆ పొర విరిగి అడుగుకు దిగిందంటే పని ఉన్నట్టే. పొడవాటి కర్రకు అడ్డంగా బిగించిన చెక్కతో దాన్ని గట్టుకు లాగాలి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతారు, ఎండెక్కితే ఆ తెలుపు కళ్ళలో గుచ్చుకుంటుంది. కుప్ప చేసి తాటాకు కప్పాలి. అకాల వాన ఒక్కటి పడితే నెల రోజుల కష్టం కాలువలోకి పోతుంది. ఆమె అరికాళ్ళు ఇప్పటికీ కంకర రోడ్డులా ఉంటాయి. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే మాత్రం, “నేను చేసింది చాలదా” అని నవ్వుతుంది.

నా ప్రశ్న ఏమిటంటే, ఆ కంచె మన వైపు కూడా ఉండేదా? ఇంకొకటి, ఆ పుస్తకం ఎవరైనా చదవడానికి ఇస్తారా? నాకు ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది, ఫరవాలేదు.

పినాకిని (నెల్లూరు)

ఉప్పుమడి గారూ, కంచె మన వైపు లేదు. సుంకపు గీత తూర్పు కొస మహానది దగ్గర ఆగిపోయింది. అంటే మనం తప్పించుకున్నామని కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లోనే కుంపిణీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. మడిలో తీసిన ఉప్పు వాళ్ళకే ఇవ్వాలి, వాళ్ళు కట్టిన ధరకే జనం కొనాలి. కొఠారు దగ్గరే పట్టు బిగించాక కంచెతో పనేముంది? ఉత్తరాన పరిస్థితి వేరు. అక్కడ సాంబారు సరస్సు జయపూరు, జోధ్‌పూరు సంస్థానాల చేతిలో ఉండేది. అక్కడి చవక ఉప్పు బ్రిటిష్ ప్రాంతంలోకి రాకుండా ఆపాలి కాబట్టి ముళ్ళు నాటారు. 1870లో సాంబారును కౌలుకు తీసుకున్నాక, అటూ ఇటూ పన్నులు సర్దాక, ముళ్ళ అవసరం తీరింది.

ఇక చిట్టాగారూ, మీతో నాకు పేచీ ఉంది. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని, కాబట్టి హరారీ మీద మీ కోపం నాకూ కొంత ఉంది. చాలాచోట్ల ఒకే వాక్యంతో మూడు వాదాలను తొక్కేస్తాడు. కానీ వ్యవసాయం గురించిన భాగం ఊరికే చమత్కారం కాదు. వేటాడి, ఏరుకుని తిన్నవారి కంటే తొలి రైతులు ఎక్కువ సేపు పనిచేసి, తక్కువ రకాల తిండి తిన్నారని, పాత అస్థిపంజరాల్లో వెన్ను, కీళ్ళ అరుగుదల కనిపిస్తుందని ఆయన చెబుతాడు. మీ నాన్నగారి గంప సంగతి సరే. ఆ పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్ళ అభిప్రాయం ఎవరైనా అడిగారా?

మెట్టపొలం (కనిగిరి)

పినాకిని అమ్మా, మా ఆవిడ పక్కనే ఉండి ఇది చదివించుకుంది. పెళ్ళికి ముందు డెల్టా వైపు నాట్లకు వచ్చిన మనిషి. “ఆ పుస్తకం రాసినాయన మంచివాడు” అంది. నేను ఇక ఏమీ రాయను.

చిట్టా_ఆవర్జా (కోవూరు)

ఓడిపోయాను. సగంలో విసిరిన పుస్తకం మంచం కింద నుంచి తీశాను. మిగతా సగం చదివి, అప్పుడు తిడతాను.

ఒంగోలు_గిత్త (ప్రస్తుతం బెంగళూరు)

చిట్టా బాబాయ్, రోత్‌ఫస్ చదివానని అంత సంతోషంగా రాశారే, మీకు ఎవరూ అసలు సంగతి చెప్పలేదా? రెండో సంపుటం 2011లో వచ్చింది. మూడోది, కథ ముగియవలసినది, ఇంతవరకు రాలేదు. నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో మొదలుపెట్టాను. ఇప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతి. ఇది చాలదన్నట్టు జార్జ్ మార్టిన్ డ్రాగన్ల వరుసలో ఐదో పుస్తకం కూడా అదే 2011లో వచ్చింది, ఆరోదానికి దిక్కులేదు. ఒకే సంవత్సరంలో ఇద్దరూ కలిసి నన్ను నడిరోడ్డు మీద దించేసి వెళ్ళిపోయారు.

జమాఖర్చులు సరిగ్గా రాసే రచయిత అని మెచ్చుకున్నారు. పాఠకుడి బాకీ ఏ పద్దులో రాస్తారు?

చిట్టా_ఆవర్జా (కోవూరు)

బాబూ, ఈ మాట ముందే చెప్పకూడదా! నిన్ననే రెండోది తెప్పించాను. రానిబాకీ కింద రాసుకుంటాను, మరేం చేస్తాను.

కందుకూరి_కలం (కందుకూరు)

గిత్త తమ్ముడూ, మన ప్రాంతం వాళ్ళు ఈ విషయంలో బెంగపడకూడదు. వెయ్యేళ్ళ కిందట మనకూ ఇదే జరిగింది. నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. రెండు వందల ఏళ్ళు ఎదురుచూశాం. అప్పుడు నెల్లూరు తిక్కన వచ్చి, ఆ సగం పర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చివరిదాకా రాసేశాడు. మధ్యలో గుంత అలాగే ఉంది. ఇంకో తరం దాటాక ఎర్రన ఆ గుంత పూడ్చాడు. ఎలా? నన్నయ శరద్రాత్రి దగ్గర ఆపితే, ఎర్రన శరత్కాలపు సూర్యోదయంతో ఎత్తుకున్నాడు. రాత్రి ఒక కవి, తెల్లవారితే ఇంకో కవి, మధ్యలో మూడు శతాబ్దాలు. పైగా తన రాజుకు కాకుండా, నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేసి, తన పేరు వెనక్కి పెట్టుకున్నాడు.

కాబట్టి 2011 నుంచి అని ఏడవకండి. మనది మూడు వందల ఏళ్ళ అనుభవం.

ఒంగోలు_గిత్త (ప్రస్తుతం బెంగళూరు)

అక్కా, ఇది చదివి ఆఫీసులో ఒక్కడినే నవ్వుకున్నాను. ఇంగ్లీషులోనూ ఒక ఎర్రన ఉన్నాడు. రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ ముగించకుండా 2007లో చనిపోయాడు. ఆయన భార్య హ్యారియట్ స్వయంగా సంపాదకురాలు. ఆమె బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితను ఎంచుకుని, భర్త వదిలిన నోట్సు చేతికిచ్చింది. అతను మూడు సంపుటాల్లో ముగించాడు, చివరిది 2013లో వచ్చింది. చదువుతుంటే అతుకు తెలుస్తుంది. హాస్యం మారుతుంది, వాక్యాలు పొట్టివవుతాయి. మొదట్లో చిరాకు పడ్డాను. చివరి సంపుటం అర్ధరాత్రి మూసినప్పుడు ఆ అతుకే బాగా నచ్చింది. ఒకాయన పోయాడని, ఇంకొకాయన వచ్చాడని పుస్తకమే దాచకుండా చెబుతోంది కదా.

పలక_బలపం (పొదిలి)

ఎర్రన మా ప్రకాశం జిల్లా వాడని ఇక్కడ ఎవరూ రాయకపోవడం గమనించాను.

కందుకూరి_కలం (కందుకూరు)

మాస్టారూ, ఆయనది గుడ్లూరు. 2022లో అది మాతోపాటు నెల్లూరు జిల్లాలో కలిసింది.

పలక_బలపం (పొదిలి)

యాభై ఏళ్ళు మాది!

పినాకిని (నెల్లూరు)

1970కి ముందు మాది. జిల్లా మాన్యువల్ అని 1873లో బాస్వెల్ రాసిన పుస్తకం చూడండి, ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉంటుంది.

నిర్వాహకులు

ఎర్రన ఎక్కడికీ కదలలేదు. జిల్లాలే ఆయన మీదుగా అటూ ఇటూ నడిచాయి. పైగా ఆయన రాజు ప్రోలయ వేమారెడ్డి కొలువున్న అద్దంకి 2022లో బాపట్ల జిల్లాలో చేరింది, వాళ్ళూ వస్తే మన పని అంతే. ఈ తగవుకు వేరే చర్చ తెరిచాము. అక్కడికి వెళ్ళి తృప్తిగా కొట్టుకోండి. ఇక్కడ పుస్తకాలు.

బొమ్మల_తాత (కావలి)

అందరూ ఇంగ్లీషు మాంత్రికుల గురించే మాట్లాడుతున్నారు. 1954లో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ ధారావాహికగా మొదలైంది. పేరు వేసుకోకుండా రాశారు, ఎవరు రాస్తున్నారో మాకు తెలియదు, అక్కర కూడా లేదు. చిత్రా గారి బొమ్మలు చూసి భయపడి, పుస్తకం మూసి, మళ్ళీ ఒక వేలితో కొంచెం తెరిచి చూసేవాళ్ళం. నెలంతా ఆగాలి. కావలి స్టేషన్‌లో పుస్తకాల బండి దగ్గర ఒకటో తారీఖు నుంచి కాపలా.

చిట్టాగారూ, మీ సిద్ధాంతం మీద నాకు అభ్యంతరం. అన్నిటికీ ఖర్చు రాయాలంటారేమిటి? ఆ కథల్లో రాక్షసి లోయ నుంచి బయటపడితే జలరాక్షసుడు, వాడి నుంచి తప్పించుకుంటే కొండచిలువ. ఏ మంత్రానికీ రశీదు లేదు. ఎవరూ అప్పు తీర్చలేదు. అయినా అరవై ఏళ్ళుగా నాకు గుర్తున్నాయి. మీ జంటపద్దు మాంత్రికుడు మీకు అరవై ఏళ్ళు గుర్తుంటాడా?

చిట్టా_ఆవర్జా (కోవూరు)

తాతగారూ, మీ అభ్యంతరం మూడు రోజులు మోసుకు తిరిగాను. తొందరపడి జవాబివ్వకూడదనిపించింది.

మా అన్నయ్య ఇంట్లో అట్ట కట్టించిన పాత చందమామలు ఉన్నాయి. ఆదివారం వెళ్ళి నాలుగు నెలల ధారావాహిక భాగాలు కూర్చుని చదివాను. మీరన్నది నిజం, రశీదులు లేవు. కానీ ఒకటి గమనించాను. ప్రతి నెలా కథ ఆగే చోట కుర్రవాడు గండంలో ఉంటాడు, వచ్చే నెల మొదటి పేరాలో బయటపడతాడు. మధ్యలో నెల రోజులు ఆ ఖర్చు భరించింది మీరు. కావలి స్టేషన్‌లో నిలబడి కట్టారు. నేను నాలుగు భాగాలు ఒక్క పూటలో చదివితే అంత భయం వేయలేదు. అంటే ఖాతా ఉంది, పుస్తకం బయట ఉంది.

ఇది నా సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి చేసిన సర్దుబాటు పద్దు అని మీరనవచ్చు. ఆడిటరు కూడా ఒకసారి ఇలాగే నవ్వాడు.

బొమ్మల_తాత (కావలి)

సర్దుబాటే. కానీ బాగుంది. ఒప్పుకుంటున్నాను.

పలక_బలపం (పొదిలి)

రాత్రికి జవాబిస్తానని పది రోజులు చేశాను. మనవడికని కొన్న ఎర్త్‌సీ ముందు నేను తీశాను. మేకల దగ్గర నవ్వాను. ముసలి గురువు చనిపోయిన దగ్గర పుస్తకం పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాను. ఒకప్పుడు నా తరగతిలో ఒక తెలివైన కుర్రవాడు ఉండేవాడు, వాడి తెలివి చూసి మురిసిపోయి నేనే వాడిని పది మందిలో రెచ్చగొట్టేవాడిని. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను.

ఒక లోపం చెబుతాను. ఆ విద్యాపీఠంలో ఆడపిల్లలు లేరు. మంత్రం తెలిసిన ఆడవాళ్ళంటే ఊరి మంత్రగత్తెలే, వాళ్ళ విద్య తక్కువ రకం అన్నట్టు సామెతలు కూడా పెట్టారు. రాసింది ఆడమనిషి అయి ఉండి ఇదేమిటి?

పినాకిని (నెల్లూరు)

మాస్టారూ, ఆ ప్రశ్న లెగ్విన్ తనను తానే వేసుకుంది. వరుసలో నాలుగో పుస్తకం ‘తెహాను’ 1990లో రాసింది. అందులో గెడ్ శక్తి అంతా కోల్పోయిన మనిషి, కథ అంతా ఒక రైతు వితంతువు కళ్ళతో సాగుతుంది. పాత్రలు కడుగుతూ, మేకలు కాస్తూ ఉండే పుస్తకం. యుద్ధాలు కావాలనుకునేవారికి నచ్చదు. ఇరవై రెండేళ్ళ తరువాత తన ఖాతాను తానే తనిఖీ చేసుకున్న రచయిత్రి అంటే చిట్టాగారు సంతోషిస్తారేమో.

చిట్టా_ఆవర్జా (కోవూరు)

తెప్పిస్తున్నాను.

ఈలోగా కాశీయాత్ర పూర్తయింది. ఇంతకుముందు చెప్పిన అన్నిటినీ ఇది పక్కకు జరిపేసింది. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం సుప్రీం కోర్టులో ద్విభాషి. 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ, అక్కడి నుంచి గయ, కలకత్తా చూసుకుని, కోస్తా దారిన 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడవునా స్నేహితుడు శ్రీనివాసపిళ్ళకు రాసి పంపారు. ఏ ఊరు ఎంత దూరం, నీళ్ళు మంచివా, దిగడానికి చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి. దేవుళ్ళకంటే బావులు ఎక్కువ. నాకు అదే నచ్చింది.

రైలు లేదు, చెప్పుకోదగిన రోడ్డు లేదు. వంద మందిని అంత దూరం తీసుకెళ్ళి తిరిగి తేవడం ఎంత పనో ఆలోచించండి. మా మిల్లు సిబ్బంది పద్దెనిమిది మందిమి శ్రీశైలం వెళ్ళినప్పుడు, నేను లెక్కపెట్టిన ప్రతిసారీ పదిహేడే వచ్చారు. నన్ను కలుపుకోలేదని దోర్నాల దాటాక తెలిసింది.

ఒంగోలు_గిత్త (ప్రస్తుతం బెంగళూరు)

బాబాయ్, ఇరవై ఆరేళ్ళ అనుభవం!

చిట్టా_ఆవర్జా (కోవూరు)

ఇందుకే ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళు.

ఉప్పుమడి గారూ, కంచె పుస్తకం అట్ట వేసి ఉంచాను. శనివారం పని మీద అల్లూరు వస్తున్నాను. బస్టాండు దగ్గర టీ కొట్టులో ఇస్తాను. తిరిగి ఇవ్వడానికి గడువు లేదు, చిట్టాలో మాత్రం రాసుకున్నాను.

ఉప్పుమడి (ఇస్కపల్లి)

పుస్తకం అందింది, టీ డబ్బులు కూడా మీరే ఇచ్చారు. రోజూ రాత్రి నాలుగు పేజీలు చదివి, అమ్మకు తెలుగులో చెబుతున్నాను. వాకిట్లో మంచం మీద పడుకుని వింటోంది. పన్నెండు వేల మంది కాపలా అంటే “మా మేస్త్రీ ఒక్కడే చాలేవాడు” అంది. ఒక మనిషి ఉప్పు కంచె కోసం విమానం ఎక్కి వచ్చాడంటే మాత్రం చాలాసేపు నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ అడిగింది, ఎన్నిసార్లు వచ్చాడు, తిండి ఎక్కడ తిన్నాడు, పెళ్ళాం ఏమనలేదా అని.

నిన్న రాత్రి కంచెలో ఏ ఏ చెట్లు వేశారో చదివి చెప్పాను. రేగు చెట్లు అనగానే లేచి కూర్చుంది.

“అన్ని మైళ్ళ రేగుచెట్లా? మరి కాయలు ఎవరు కోసుకున్నారట?”

ఇంతవరకు చదివిన దాంట్లో లేదు. చిట్టాగారూ, మీరు పూర్తిగా చదివారు కదా, ఎక్కడైనా ఉందా?

చిట్టా_ఆవర్జా (కోవూరు)

నాకు గుర్తు లేదండీ. అసలు ఆ పద్దు చూడాలనే తోచలేదు. పుస్తకం మీ దగ్గరే ఉంది, కనబడితే పేజీ నంబరు రాయండి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.